దేవదారు నీడలో నేల పుట్టుక

పశ్చిమ హిమాలయాల్లో ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు మారిపోతాయి. సుమారు 900 నుంచి 1,800 మీటర్ల దాకా చిర్ పైన్, ఆపైన దేవదారు, నీలి పైన్, ఇంకా పైకి వెళ్తే 3,000 మీటర్ల ప్రాంతంలో ఫర్, స్ప్రూస్ చెట్లు కనిపిస్తాయి. వీటన్నిటి ఆకులూ సూదుల్లా ఉంటాయి. ఈ అడవుల కింది నేల తీరే వేరు. వాతావరణం, జీవజాలం, నేల వాలు, మాతృశిల, కాలం అనే ఐదు అంశాలు కలిసి నేలను తయారుచేస్తాయని మృత్తికా శాస్త్రవేత్త హన్స్ జెన్నీ 1941లో వెలువడిన తన పుస్తకంలో వివరించాడు. ఎత్తైన కొండల మీద ఈ ఐదింటి ప్రభావమూ స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి పని చలిది. రాతి పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగితే రాయి పగిలి ముక్కలవుతుంది. ఆ గరుకు ముక్కల మధ్య నాచు, గడ్డి, ఆ తర్వాత చెట్లు వేళ్లూనుకుంటాయి.

రెండో పని చెట్టుది. సూదాకుల్లో మైనం, జిగురు, కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ ఎక్కువ. నత్రజని, కాల్షియం తక్కువ. పైగా చలి. అందువల్ల రాలిన ఆకు త్వరగా కుళ్లదు. వానపాములు, బ్యాక్టీరియా అంతగా లేని ఆ ఆమ్ల వాతావరణంలో కుళ్లబెట్టే పని ఎక్కువగా శిలీంధ్రాలే చేస్తాయి. ఏటేటా రాలే ఆకు పాతదాని మీద పేరుకుంటూ మెత్తని పరుపులా తయారవుతుంది.

వసంతంలో మంచు కరిగిన నీరు ఈ ఆకుల పొర గుండా దిగేటప్పుడు, కాఫీ పొడిలోంచి డికాక్షన్ దిగినట్టు, సేంద్రియ ఆమ్లాలను తనలో కలుపుకుంటుంది. ఆ ఆమ్లాలు కింది మట్టిలోని ఇనుమును, అల్యూమినియంను పట్టి లోతుకు తీసుకుపోతాయి. వాటికి లొంగని క్వార్ట్జ్ రేణువులు పైనే మిగులుతాయి. ఈ ప్రక్రియను పొడ్జోలీకరణం అని, దీనివల్ల ఏర్పడే నేలను పొడ్జోల్ అని అంటారు.

ఇది బాగా సాగిన చోట నేలను నిలువుగా కోస్తే పొరలు విడివిడిగా కనిపిస్తాయి. పైన ఎండు సూదులు, వాటి కింద తెల్లని శిలీంధ్ర పోగులు అల్లుకున్న నల్లటి, సగం కుళ్లిన పొర. దాని కింద ఇనుము కోల్పోయి వెలిసిన బూడిదరంగు మట్టి. ఆ దిగువన, పైనుంచి వచ్చిన ఇనుము, హ్యూమస్ (కుళ్లిన సేంద్రియ పదార్థం) పేరుకున్న తుప్పురంగు పొర. అట్టడుగున రాతి ముక్కలు.

అయితే హిమాలయాల్లో అన్నిచోట్లా ఈ పొరలు ఇంత స్పష్టంగా ఉండవు. నిటారు వాలు మీద కోత, కొండచరియలు పొరలను నిలవనివ్వవు. అక్కడి నేల పలచగా, రాళ్లతో, ఎప్పుడూ లేతగానే ఉంటుంది. సున్నపురాయి ఉన్న చోట కాల్షియం ఆమ్లాన్ని విరిచేస్తుంది. అందుకే చాలా చోట్ల గోధుమరంగు అటవీ నేలలే కనిపిస్తాయి. ఎండ తక్కువగా తగిలే ఉత్తరపు వాలుల్లో తేమ నిలిచి అడవి దట్టంగా పెరుగుతుంది, నేలలో హ్యూమస్ ఎక్కువగా చేరుతుంది. దక్షిణపు వాలులు ఎండకు త్వరగా ఆరిపోతాయి.

పొడ్జోల్ పొరలు స్పష్టంగా ఏర్పడాలంటే వందల ఏళ్లు, చాలాచోట్ల వేల ఏళ్లు పడుతుంది. పోవడానికి మాత్రం అంత కాలం అక్కర్లేదు. ఈ నేలల్లో పోషకాలు చాలావరకు పైనున్న ఆకుల పొరలోనే ఉంటాయి. చెట్లకు అండగా నిలిచే శిలీంధ్రాలు ఆ పొరలోంచే పోషకాలను వేళ్లకు అందిస్తాయి. ఉత్తరాఖండ్‌లో పిరూల్ అని పిలిచే చిర్ పైన్ ఎండు సూదులు వేసవిలో తేలిగ్గా అంటుకుంటాయి. తీవ్రమైన మంటల్లో ఆ పొర కాలిపోతే నేలకు కప్పు ఉండదు. తర్వాత వచ్చే వానలకు మట్టి కొట్టుకుపోతుంది. చెట్లను ఒక్కసారిగా నరికేసిన వాలు మీదా ఇదే నష్టం. మరీ ఆమ్లంగా ఉన్న నేలను సాగుకు తెచ్చినప్పుడు సున్నం చల్లి సరిచేయవచ్చు. కొట్టుకుపోయిన మట్టికి మాత్రం అలాంటి మందు లేదు. కాబట్టి ఈ కొండల్లో నేలను కాపాడటమంటే ముందుగా దాని మీది చెట్టును, ఆ చెట్టు రాల్చిన ఆకును కాపాడుకోవడమే.