బండి గతం అడగండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఇళ్ల ముందున్న కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ కాలనీల్లోనూ కార్లు నీట మునిగాయి. బాగుచేయించినా గిట్టుబాటు కాదని బీమా కంపెనీ తేల్చిన బండ్లు వేలానికి వెళ్తాయి. కొన్నిటిని విడిభాగాల కోసం విప్పేస్తారు. కొన్నిటిని కడిగి, సీట్ల కవర్లు మార్చి, పాలిష్ పట్టి అమ్మకానికి పెడతారు. మునిగిన ఊళ్లోనే అమ్మాలని ఏమీ లేదు. మూడు లక్షలు కూడబెట్టి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎండా వానా తగలకుండా ఊరికి తీసుకెళ్లాలనుకునే ఇంటికి అలాంటి బండి తగిలితే, మిగిలిన పొదుపు వైరింగు రిపేర్లకే సరిపోతుంది.

అందుకే వ్యాగనారా, స్విఫ్టా, ఐ10నా అన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు. వాటిలో ఏదైనా చిన్న కుటుంబానికి చాలు. చిన్న పట్టణాల్లోనూ వాటి విడిభాగాలు దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కులున్నారు. ముందు తేలాల్సింది మీ ఎదురుగా ఉన్న ఆ ఒక్క బండి ఇన్నాళ్లూ ఎక్కడ, ఎలా తిరిగిందన్నది.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగంలో మట్టి చార కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి తడిమి చూడండి. సీటు కింది బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల చెమ్మ... పైపైన కడిగినవాళ్ల చేయి ఇక్కడిదాకా వెళ్లదు. సెంటు వాసన గుప్పుమంటుంటే అద్దాలు మూసి కాసేపు కూర్చోండి, ముక్కవాసన ఉంటే బయటపడుతుంది.

దెబ్బ తగిలిందా అన్నదానికి బానెట్, డోర్ల బోల్టులు చూడాలి. వాటిమీద రంగు లేచిందంటే ఎవరో విప్పారన్నమాట. బీమా కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో కూడా చదవండి. అయిదేళ్లు వరసగా క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. “గీత కూడా పడలేదండీ” అంటున్న బండికి సున్నా ఉంటే ఎందుకని అడగండి. టైరు మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. మీటరులో పాతికవేల కిలోమీటర్లే ఉండి, టైర్లు బండికన్నా నాలుగేళ్లు కొత్తవైతే మీటరును అనుమానించాల్సిందే. కంపెనీ సర్వీసు రికార్డు చూడనిదే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.

అలాయ్ చక్రాలు, పెద్ద స్క్రీను ఉన్న పాత టాప్ మోడల్ కన్నా 2019 జులై తర్వాత తయారైన మామూలు వేరియంట్ మేలని నా గట్టి నమ్మకం. అప్పటికి ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగ్ ఉండాలంటే 2022 నుంచి తయారైనవి చూడాలి. ఆ సీట్లో కూర్చునేది అమ్మో, భార్యో కదా!

ఢిల్లీలో పాత డీజిల్ బండ్లకు ఆంక్షలున్నందువల్ల అక్కడి కార్లు చవకగా వస్తాయి. ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి చూశాకే ఆ చవక ఎంతో లెక్కేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కాబట్టి బేరానికి కూర్చునేముందు అదే మోడల్ కొత్తది ఇప్పుడెంతో షోరూములో కనుక్కోండి. చేతిలో ఉన్నదంతా కారుకే పెట్టకుండా టైర్లకూ, బ్యాటరీకీ, బీమాకూ పదో వంతైనా పక్కన పెట్టండి.

ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే అది తీరిందో లేదో, చలాన్లు ఎన్ని పెండింగో చూశాక పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు. బండి కొన్న పద్నాలుగు రోజుల్లో బీమా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం బాధ్యత ఆ పేరున్నవారిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కనుక ఈ మార్పు అమ్మేవారికీ అవసరమే. ఇద్దరూ కలిసి ఆర్టీఏ పని పూర్తిచేయండి. ఆర్సీ మీ పేరు మీదికి వచ్చేదాకా చివరి విడత సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి.