ఏరువాక : సిరికి తొలిచాలు

సంపదను గూర్చిన పండుగ యనగానే దీపావళినాటి లక్ష్మీపూజయో, సంక్రాంతినాటి ధాన్యరాశియో స్ఫురించును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల కర్షకునకు సిరి జ్యేష్ఠ పూర్ణిమనాడే మొదలగును. అదియే ఏరువాక పున్నమి.

ఇందలి 'ఏరు' నదీవాచకము కాదు. ఎద్దులను పూన్చిన నాగలి యని యర్థము. తమిళమున 'ఏర్' అనునదియు నిట్టిదే. ఏటి తొలిదుక్కిని తమిళులు 'పొన్నేర్' అనియు, కన్నడిగులు 'హొన్నారు' అనియు వ్యవహరింతురు. రెండింటను పూర్వపదమునకు బంగారమని యర్థము. విత్తనమైనను పడకమున్నే నాగలికి బంగారమను విశేషణము చేరినది. కావున పంటకంటె ముందుగా దుక్కినే సంపదగా మన పూర్వులు భావించిరని మేము తలచుచున్నాము.

ఆనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కాడికి పూజచేసి, తొలిచాలు దున్నుట ఆచారము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డలో, పిదప వచ్చు అమావాస్యనాడు మట్టియెద్దులను చేసి పూజింతురు. పొరుగు కన్నడసీమలో నిదియే 'మణ్ణెత్తిన అమావాస్యె'. దున్నెడి ఎద్దును, దున్నబడు మట్టిని ఒక్క మూర్తిగా నిలిపి కొలుచుట ఇందలి విశేషము.

నేడు ట్రాక్టరు వచ్చి కాడి మూలబడినది. మట్టియెద్దుల పూజ నిలిచియున్నను, ఏరు, మేడి, కర్రు, పలుపు మున్నగు పదముల నెఱిగినవారు తగ్గుచున్నారు. వృద్ధకర్షకుల నోట విని, ఊరిపేరుతో సహా వానిని వ్రాసియుంచుట పరిశోధక విద్యార్థులు వెంటనే చేపట్టవలసిన పని.