ఆకాశమునుండి సరుకు దింపు విమానములు – వాని పరీక్షలు

వరదలు వచ్చి దారులు తెగినప్పుడు ఆకాశమునుండి ఆహారపు పొట్లములు జారవిడుచుట మన గ్రామములకు తెలియనిది కాదు. సైన్యములో ఈ పనియే పెద్ద యెత్తున జరుగును. జీపులు, ఫిరంగులు, పారాచూటు సైనికులు సైతము ఎగురుచున్న విమానమునుండి దిగవలసియుండును. అయితే ఎగురగల ప్రతి విమానమును ఇందుకు పనికిరాదు. ప్రత్యేకముగ పరీక్షించి అనుమతి పత్రము ఈయవలెను.

చిక్కు ఎక్కడ నున్నది? బండిలో బస్తాలు వెనుకకు జరిగినచో కాడి పైకి లేచుట రైతులెల్లరు నెరిగినదే. విమానమున కూడ నంతే. కొన్ని టన్నుల సరుకు వెనుక ద్వారమువైపు దొరలునప్పుడు విమానపు ముక్కు పైకి లేచును. సరుకు బయటపడిన క్షణముననే బరువు తగ్గి, ముక్కు క్రిందికి వంగజూచును. పైలటు దీనిని కొలది సెకనులలో సరిదిద్దుకొనవలెను. కావున పరీక్షకులు తేలిక బరువులతో ఆరంభించి, కొలతలు చూచుకొనుచు క్రమముగ పెంచుదురు. మనుష్యులను దింపుటకు పూర్వము మనిషి బరువుగల బొమ్మలను జారవిడుతురు.

మనుష్యుల విషయము మరింత కఠినము. ఐరోపాలో ఎయిర్‌బస్ సంస్థ నిర్మించిన ఎ-400ఎం విమానమే ఇందుకు తార్కాణము. ఇది 2009 డిసెంబరు 11న స్పెయిన్‌లోని సెవిల్ నగరమున తొలిసారి ఎగిరినది. దీని రెండు ప్రక్కల ద్వారములనుండి సైనికులు ఏకకాలమున దుమికినచో, వెనుకనుండు గాలి సుడులలో ఇరుప్రక్కలవారును లోపలివైపునకు కొట్టుకొనివచ్చి ఢీకొను ప్రమాదము కలదు. ఆ భయము తీరువరకు పరీక్షలు సాగినవి. ఫ్రాన్సు దక్షిణమున పిరనీస్ ప్రాంతములో, ఫ్రాన్సు, బెల్జియం సైన్యముల తోడ్పాటుతో, వేయికి పైగా దుముకులు జరిగినవి. తుదకు 2020లో ద్వారమునకు 58 మంది చొప్పున 116 మందిని ఒక్కసారి దింపుటకు అనుమతి లభించినది. అంతకు పూర్వము ద్వారమునకు 30 మందియే. తొలి ప్రయాణమునకును దీనికిని నడుమ పదేండ్లు గడచినవి. ఈ ఆలస్యమును తప్పు పట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము.

ఇట్టి అనుమతి వంతెన యొద్ద నాటిన బరువు పలక వంటిది. ఏ ద్వారము, ఎంత వేగము, ఎంత బరువు, ఏ రకపు పారాచూటు అను హద్దులు అందులో నుండును. పారాచూటు మారినచో మరల పరీక్ష తప్పదు.

మన దేశమున ఈ పారాచూటు సాధనములను రూపొందించు రక్షణ పరిశోధనశాల ఆగ్రాలో నున్నది. ఐఎల్-76 విమానమునుండి 7 టన్నుల వరకు సైనిక సామగ్రిని దింపు సాధనము అచ్చటిదే. మొదట ఒక పారాచూటు గాలికి విచ్చుకొని సరుకును వేదికతోసహా బయటకు లాగును. పిదప ఐదు పెద్ద పారాచూట్లు విచ్చుకొని దానిని నేలకు దించును.