పావగడ సీమలోని ప్రాచీనావశేషములు – ప్రదేశరక్షణ

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా పాలనలో కర్ణాటకమునకు చేరినను, దాని ఎల్లలు చాలవరకు ఆంధ్రదేశముతో కలిసియున్నవి. వెంకటమ్మనహళ్లి మొదలగు గ్రామములున్న ఆ సీమలో తెలుగు నేటికిని ఇంటిభాషగా వినవచ్చుచున్నది. సరిహద్దున కావలనున్న హేమావతియు ఈ సీమయు ఒకప్పుడు నొళంబవాడిలోనివే. శాసనములందు హెంజేరు అను పేరుగల హేమావతి నొళంబుల రాజధాని. పిదప నిడుగల్లు చోళులు ఈ రెండుతావులను ఏలిరి. నేడు నిడుగల్లు దుర్గము పావగడ తాలూకాలోను, హేమావతి శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్నవి. చరిత్ర యొక్కటియైనను రాష్ట్రచట్టములు రెండు: ఆంధ్రప్రదేశమున 1960 నాటిది, కర్ణాటకమున 1961 నాటిది. రెంటికిని మీద 1958 నాటి కేంద్రచట్టము కలదు.

హేమావతిలో దొడ్డేశ్వరాలయపు జాలవాతాయనములు నొళంబశిల్పమునకు మకుటాయమానములు. సిద్ధేశ్వరాలయమున శివుడు లింగరూపుడు గాక మానవాకృతితో కూర్చుండియుండుట అరుదైన విశేషము. పదునొకండవ శతాబ్దిలో చోళులు ఈ సీమనుండి నొళంబస్తంభములను కొనిపోయి కావేరీతీరమునందలి తిరువైయారులో నిలిపిరి. మరికొన్ని శిల్పములు మద్రాసు మ్యూజియము చేరినవి. అక్కడ అవి సురక్షితములే. కాని పరదేశమందలి స్తంభము తన పనితనమును చూపగలదే గాని, తాను మోసిన మండపమును చూపజాలదు.

నేటి రక్షణచట్టమునందును ఇట్టి కొరతయే కలదు. 2010 సవరణ ననుసరించి కేంద్రరక్షిత కట్టడమునకు చుట్టును 100 మీటర్లు నిషిద్ధప్రాంతము, దానికావల మరి 200 మీటర్లు నియంత్రితప్రాంతము. ఈ కొలత గుడిని కాపాడును. ఆ గుడికి ఆధారమైన చెరువును, పొలముగట్టున నున్న వీరగల్లును, పాత బాటను అది ఎరుగదు. 1904లో రైసు దొర వెలువరించిన తుమకూరు శాసనసంపుటమును తిరుగవేసినచో, శాసనములు గుళ్లలోనే గాక చేలలోను, చెరువుకట్టలమీదను దొరకినట్లు తెలియును.

అమెరికాలో 1966 చట్టము జాతీయపట్టికను ఏర్పరచి, ఒక్కొక్క కట్టడమునే గాక ఒక ప్రదేశమునంతటిని చారిత్రకముగా గుర్తించుటకు వీలు కల్పించెను. తెలుగువారు పెక్కుమంది కాపురమున్న వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో వాటర్‌ఫర్డ్ అను పల్లె కలదు. క్వేకర్లు స్థాపించిన ఈ పల్లెకు 1970లో జాతీయ చారిత్రకస్థలమను గుర్తింపు కలిగెను. ఇండ్లు, పిండిమర మాత్రమే గాక, చుట్టునున్న పొలములును అందు చేరినవి. అయితే ఆ గుర్తింపు మాత్రముచేత యజమాని చేతులు కట్టుబడవు. ప్రభుత్వధనముగాని అనుమతిగాని కావలసిన పనులకే సమీక్ష తప్పనిసరి. ఇంటియజమాని చేయు మార్పులను అదుపుచేయునది స్థానిక శాసనమే.

పావగడ తాలూకాలో దాదాపు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము 2019 నాటికి పూర్తియయ్యెను. కరవుసీమ రైతునకు కౌలురాబడి మేలే. కాని అంత భూమి రూపుమారునపుడు మున్ముందు చేయవలసిన పని యొకటి కలదు: ప్రతి వీరగల్లును, శాసనమును, పాతబావిని సర్వే నంబరుతో గ్రామపటమున గుర్తించుట. నిడుగల్లునందైనచో కొండ, కోట, గుళ్లు, కొనేరులు, క్రింది ఊరు కలిపి ఒకే ప్రదేశముగా వ్రాయించవచ్చును. హేమావతి పటమును ప్రక్కన చేర్చుటకు రెండు రాష్ట్రముల పురావస్తుశాఖలు కూడబలుకుకొనిన చాలును.