ట్విలో పలకరిస్తే తెరుచుకునే తలుపులు: ఘనా వెళ్లేవారు తెలుసుకోవాల్సిన మాటలు

పశ్చిమాఫ్రికా దేశమైన ఘనాలో అధికార భాష ఇంగ్లిష్. కార్యాలయాలు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాల్లో దానితో పని సాగిపోతుంది. అయితే కుమాసీలోని కేజేటియా మార్కెట్‌లో, ‘ట్రోట్రో’లుగా పిలిచే ప్రయాణికుల వ్యాన్లలో, ఇరుగుపొరుగు ముచ్చట్లలో ఎక్కువగా వినిపించేది ట్వి భాషే. వ్యాపారం, ఉద్యోగం నిమిత్తం అక్కడికి వెళ్లే భారతీయులు ఈ భాషలో కొన్ని మాటలు నేర్చుకుంటే స్థానికులతో దూరం తగ్గుతుంది. పలకరించకుండా నేరుగా పని మాట ఎత్తడాన్ని అక్కడ అమర్యాదగా భావిస్తారు.

ఏమిటీ భాష?

ట్వి అకాన్ భాషా సముదాయానికి చెందినది. అసాంటె, అకువాపెమ్ దీని ప్రధాన మాండలికాలు కాగా, ఫాంటె వాటికి సన్నిహితమైన రూపం. బాసెల్ మిషన్‌కు చెందిన జర్మన్ పండితుడు యోహాన్ గాట్లీబ్ క్రిస్టాలర్ 1875లో ఈ భాషకు వ్యాకరణాన్ని, 1881లో నిఘంటువును వెలువరించారు. గూగుల్ తన అనువాద సేవలో 2022 మేలో కొత్తగా చేర్చిన 24 భాషల్లో సంస్కృతం, భోజ్‌పురి, కొంకణిలతో పాటు ట్వి కూడా ఉంది.

దీన్ని రోమన్ లిపిలో రాసినా ఇంగ్లిష్ పద్ధతిలో చదవకూడదు. ‘కె’, ‘వై’ అక్షరాలు కలిస్తే ‘చ’కు దగ్గరగా, ‘జి’, ‘వై’ కలిస్తే ‘జ’కు దగ్గరగా పలుకుతారు. స్వరం హెచ్చుతగ్గులను బట్టి అర్థం మారుతుంది. ‘పాపా’ అనే ఒకే మాట పలికే తీరును బట్టి మంచి, తండ్రి, విసనకర్ర అనే మూడు అర్థాలనిస్తుంది. అందువల్ల రాతలో చూసి కాక, చెవితో విని నేర్చుకోవడమే మేలు.

తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. ‘కత్తికి’, ‘అన్నకు’ అన్నప్పుడు ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం మారినట్లే, ట్విలోనూ ఒక పదంలోని అచ్చులు పరస్పరం పొంతన కుదుర్చుకుంటాయి.

పలకరింపులు

ఉదయం ‘మాచె’, మధ్యాహ్నం ‘మాహా’, సాయంత్రం ‘మాజ్వొ’ అని పలకరిస్తారు. అతిథికి చెప్పే ‘అక్వాబా’ అంటే స్వాగతం. ‘ఎతె సెన్?’ అంటే ఎలా ఉన్నారు అని. ‘వొ హొ తె సెన్?’ అన్నది మన ‘ఒంట్లో ఎలా ఉంది?’ అనే ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. దానికి ‘మె హొ యె’ (బాగున్నాను) అని బదులిచ్చి, ‘నా వొ న్సొ ఎ?’ (మరి మీరు?) అని తిరిగి అడగడం మర్యాద.

పలకరింపునకు ఇచ్చే జవాబులో వరుస కూడా కలుస్తుంది. తండ్రి వయసు పురుషుడికి ‘యా అజ్యా’, తల్లి వయసు స్త్రీకి ‘యా ఎనా’ అంటారు. ముక్కూముఖం తెలియనివారినీ అన్నా, అక్కా అని పిలిచే తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు.

గౌరవం ఎక్కడుంది?

ట్విలో ‘నువ్వు’, ‘మీరు’ అనే తేడా లేదు. ఒక్కరితో మాట్లాడితే ఎవరికైనా ‘వొ’ అనే అంటారు. ఆ లోటును ‘మెపా వొ చెవ్’ (దయచేసి) అనే మాట తీరుస్తుంది. దీని అసలు అర్థం ‘మీ ఎదుట టోపీ తీస్తున్నాను’. పెద్దలతో మాట్లాడేటప్పుడు ఇది లేకపోతే మాట మొరటుగా వినిపిస్తుంది. ‘మెదాసె’ అంటే కృతజ్ఞతలు. కాదు అనడానికి ‘దాబి’, అవును అనడానికి ‘ఆనె’ వాడతారు. ఎడమచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం మన దగ్గరలాగే అక్కడా తప్పు.

బజారులో

ధర తెలుసుకోవడానికి ‘ఎయె సెన్?’ అనాలి. బేరమాడాలంటే ‘మెపా వొ చెవ్, తె సొ కక్రా’ (దయచేసి కొంచెం తగ్గించండి) అంటే సరిపోతుంది. మంచినీళ్లు కావాలంటే ‘మెపె న్సువొ’, మాట అర్థం కాకపోతే ‘మెన్తె అసె’ అని చెప్పవచ్చు.

పేరు అడగడానికి ‘వొ దిన్ దె సెన్?’ అంటారు. అకాన్ ప్రజల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉంది. శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, ఆడబిడ్డ అఫియా. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న, శుక్రవారం జన్మించారు.

ఒక జాగ్రత్త

ఘనావాసులందరి మాతృభాష ట్వి కాదు. రాజధాని అక్రా ప్రాంతపు మూల భాష గా. తూర్పున ఎవె, ఉత్తరాన దగ్బానీ వంటి భాషలున్నాయి. దక్షిణాదివారందరినీ ఒకే భాషవారిగా జమకడితే తెలుగువారు నొచ్చుకున్నట్లే, ఎదుటివారిది ట్వి అని ముందే నిర్ణయించుకుంటే అక్కడివారూ నొచ్చుకోవచ్చు. ముందుగా ఏ భాష మాట్లాడతారో అడగడం మంచిది.

సెలవు తీసుకునేవారికి ‘నాన్తె యియె’ అని చెబుతారు. మీ నడక క్షేమంగా సాగాలని దాని అర్థం.