రూల్‌లో తిరకాసా? ముందే తేల్చుకోండి

అష్టాచెమ్మాలో ఒక్క కాయనూ చంపకుండా లోపలి గడుల్లోకి వెళ్లొచ్చా? కమ్మర్‌పల్లి అరుగు మీదైనా, నిజామాబాద్ హాస్టల్‌లోనైనా ఈ పంచాయితీ మీకు తెలిసిందే. 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే కథల ఆటలోనూ ఇలాంటి సందేహాలు బోలెడు. అక్కడ తీర్పు కథ నడిపించే 'డంజన్ మాస్టర్'ది. ఆ ఆట పద్ధతి ఉద్యోగ నోటిఫికేషన్ చదవడానికీ పనికొస్తుంది.

ప్రత్యేకమైనదే చెల్లుతుంది: సాధారణ రూల్‌కూ, ప్రత్యేక రూల్‌కూ పొసగకపోతే ఆ ఆటలో రెండోదే లెక్క. కోర్టులు చట్టాలను చదివేటప్పుడూ ఈ సూత్రాన్ని వాడతాయి. కాబట్టి అందరికీ ఇచ్చిన సూచనలతో ఆగకండి. మీ పోస్టుకు రాసిన అర్హతలు, తర్వాత వచ్చిన సవరణలు కూడా చదవండి.

తీర్పు ఎవరిదో చూడండి: 'డిగ్రీ లేదా తత్సమాన అర్హత' అని ఉందా? మీది సరిపోతుందని మీరో, మీ ఫ్రెండో అనుకుంటే చాలదు. తేల్చాల్సింది నియామక సంస్థే.

ముందే అడగండి: ఆటలో గొడవైతే మళ్లీ గవ్వలు వేయొచ్చు. ఇక్కడ పరీక్ష గట్టెక్కాక, సర్టిఫికెట్ల పరిశీలనలో పక్కన పెడితే నెలల కష్టం పోయినట్టే. గడువుకు ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి.