కరిగిన ఇనుము చల్లారుతుంది, అక్షరం చల్లారదు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. కోక్ బట్టీలు, బ్లాస్ట్ ఫర్నేసులు, ఉక్కు తయారుచేసే షాపులు, రైలు పట్టాలు తీసే మిల్లు అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. ఇలాంటి దాన్ని సమగ్ర ఉక్కు కర్మాగారం అంటారు. అన్నీ ఒకచోటే ఎందుకు? ముఖ్య కారణాల్లో ఒకటి వేడి. ఫర్నేస్ నుంచి వచ్చే ద్రవ ఇనుము దాదాపు 1,400 నుంచి 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. దారిలో గడ్డకడితే మళ్లీ కరిగించడానికి ఇంధనం తగలెయ్యాలి.

కంప్యూటర్‌లో ఆఫీస్ సూట్ కూడా ఇలాంటిదే: ఉత్తరం, పట్టిక, స్లైడు అన్నీ ఒకే గొడుగు కింద. అయితే ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు అందే అక్షరాలు చల్లారవు. యునిక్స్ రూపకర్తలు పట్టుకున్నది ఈ సంగతినే. తోట గొట్టాల్లా ప్రోగ్రాములను ఒకదానికొకటి బిగించాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాశారు. 1973లో కెన్ థాంప్సన్ యునిక్స్‌లో ఆ ‘పైపు’ను అమర్చారు.

ఒక మిల్లులో మోటార్లు ఎప్పుడెప్పుడు ఆగాయో రాసిన పెద్ద ఫైలు ఉందనుకుందాం. ఏది ఎక్కువసార్లు ఆగింది? గ్రెప్ అనే పనిముట్టు ‘ఆగింది’ అన్న వరుసలను ఏరుతుంది. కట్ వాటిలో మోటారు పేరు మాత్రం ఉంచుతుంది. సార్ట్ ఒకే పేర్లను పక్కపక్కన చేరుస్తుంది, యూనిక్ లెక్కపెడుతుంది. అంతే. గ్రెప్ ఒక్కో వరుసనే చదివి వదిలేస్తుంది కాబట్టి ఫైలు ఎంత పొడవున్నా దానికి ఇబ్బంది లేదు.

పట్టికల ప్రోగ్రాంకు అలా కాదు. ఎక్సెల్ పాత ఫైలు పద్ధతిలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో ల్యాబులు పంపిన కోవిడ్ ఫలితాలను ఆ పాత పద్ధతిలోకి ఎక్కించినప్పుడు దాదాపు 16,000 పాజిటివ్ కేసులు సకాలంలో లెక్కకెక్కలేదు. వారిని కలిసినవారిని వెతకడమూ ఆలస్యమైంది.

అలాగని సూట్ అనవసరం కాదు. శీర్షికలు, పట్టిక, బొమ్మ, పై అధికారి దిద్దుబాట్లు ఉన్న నివేదికను సాదా టెక్స్ట్‌గా పంపితే అవన్నీ రాలిపోతాయి. అక్కడ చేతులు మారడమే ఖరీదు. తెలుగువారికి ఇంకో చిక్కుంది. డీటీపీలో ఏళ్లపాటు వాడిన అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు, ఇతర సంకేతాలకే తెలుగు రూపాలు తొడిగారు. ఆ ఫైలులో గ్రెప్‌తో ‘మోటారు’ అని వెతికితే ఏమీ దొరకదు. యూనికోడ్‌లోకి మార్చాకే చిన్న పనిముట్లకు ఆ పాఠం అందుతుంది.

విచిత్రమేమిటంటే, నేటి వర్డ్ లేదా లిబ్రే ఆఫీస్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే లోపల బొమ్మలతో పాటు ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ ఫైళ్లు కొన్ని కనిపిస్తాయి, గ్రెప్ చదవగలిగినవే.